మేత ముట్టని బాల్ పైథాన్

వ్యాఖ్యాత: అమలాపురం నుంచి ఒక శ్రోత లైనులో ఉన్నారు. అడగండి.

శ్రోత: నమస్కారం డాక్టరు గారూ. మా అబ్బాయి బాల్ పైథాన్ అనే విదేశీ కొండచిలువను పెంచుతున్నాడండి, ఎదిగిన మగది. దీపావళి వెళ్లిన దగ్గర నుంచి ఎలుకను పెడితే వాసన చూసి తల తిప్పేసుకుంటోంది. నోరు తెరిచి బలవంతంగా పెట్టమని కొందరు చెబుతున్నారండి.

డాక్టర్: దయచేసి ఆ పని చేయకండి. నోటి లోపలి పొర చిట్లుతుంది, బెదిరిన పాము లోపలికి వెళ్లిన దాన్ని కక్కేస్తుంది కూడా. రాత్రిళ్లు పెట్టెలో వేడి ఎంత ఉంటోంది?

శ్రోత: చూడలేదండి. పెట్టె కిటికీ పక్కన ఉంటుంది.

డాక్టర్: నా అనుమానమంతా అక్కడే ఉంది. ఇది పశ్చిమ, మధ్య ఆఫ్రికా ప్రాంతాల పాము కనుక, పెట్టెలో ఒక వైపు 31 నుంచి 32 డిగ్రీలు, రెండో వైపు 25 నుంచి 27 డిగ్రీల వేడి ఉండాలి. మన డెల్టాలో ధనుర్మాసపు రాత్రులకు ఆ వేడి నిలవదు. ఒంట్లో వేడి చాలనప్పుడు తిన్నది అరగదు కాబట్టే పాము మేత మానేస్తుంది. వేడినిచ్చే హీట్ ప్యాడ్‌ను, ఆ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌తోనే వాడండి, దాని సెన్సర్‌ను ప్యాడ్ వేడి తగిలే చోటనే అమర్చండి. పెట్టెను కిటికీ పక్క నుంచి, జనం తిరిగే దారి నుంచి తప్పించి, ఒళ్లు గోడలకు ఆనేంత ఇరుకైన గూడును వెచ్చని వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి పెట్టండి. కోనసీమ గాలిలో తేమకు కొరత లేదు గానీ, అడుగు తడిసి ఉంటే పొట్ట పొలుసులకు పుళ్లు పడతాయి.

శ్రోత: బతికున్న ఎలుకను వదిలితే తింటుందేమోనండి?

డాక్టర్: వద్దండి, ఆకలి లేని పామును ఎలుకే కొరికి గాయపరుస్తుంది. ఫ్రీజరులోని ఎలుకను పూర్తిగా కరగనిచ్చి, వేడి నీటితో వెచ్చబరిచి, చీకటి పడ్డాక పొడవాటి పట్టకారుతో చూపించండి. అది పాము నడుము లావుకు మించకూడదు. ముట్టకపోతే తీసేసి, వారం పది రోజులు చేతిలోకి తీసుకోకుండా వదిలేయండి. కళ్లు నీలంగా మసకబారితే కుబుసం విడవబోతోందని అర్థం, అది ముగిసేదాకా మేత పెట్టవద్దు.

శ్రోత: ఇన్నాళ్లు తినకపోతే బతుకుతుందా అండీ? ఇంట్లో అందరికీ బెంగగా ఉంది.

డాక్టర్: మీ బెంగ నాకు అర్థమవుతోంది. ఎదిగిన మగ పాములు జత కట్టే కాలంలో నెలల తరబడి ఉపవాసం ఉండగలవు. అయినా నమ్మకంతో ఊరుకోకుండా, వంటింటి త్రాసు మీద వారానికోసారి తూచి రాసి పెట్టండి. బరువులో పదో వంతు తగ్గినా, ఊపిరిలో ఈల వినిపించినా, నోట్లో చీము, జిగురు కనిపించినా, వెన్నెముక పైకి తేలినా, సరీసృపాలను చూసే పశువైద్యుని దగ్గరకు వెంటనే తీసుకువెళ్లండి. ఈ పామును కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేశారా?

శ్రోత: చేశామండి.

డాక్టర్: మంచిది. వింటున్న మిగతావారికి ఒక మాట: పొలంలో దొరికిన జెర్రిపోతును ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, అది మేత ముట్టకపోతే మందు వెతక్కుండా అటవీ శాఖకు అప్పగించండి. మీరు మాత్రం ఈ రాత్రికే పెట్టెను జరిపి, తెల్లవారుజామున రెండు వైపులా వేడి చూసి రాసుకోండి.