ఏటి ఈత సముద్రం అడుగున పనికొస్తుందా?

వ్యాఖ్యాత: నమస్కారం. విజయవాడ స్టూడియో నుంచి ఫోన్-ఇన్ కార్యక్రమం. ఈమధ్య మనవాళ్లు సెలవులకి తిరుపతి వెళ్లినంత తేలిగ్గా అండమాన్ వెళ్లొస్తున్నారు. స్కూబా డైవింగ్ చేసి ఫొటోలు పెడుతున్నారు. నీళ్లలో ప్రవాహం ఎదురైతే ఏం చేయాలో చెప్పడానికి డైవింగ్ శిక్షకులు ఒకరు మనతో ఉన్నారు. మొదటి కాల్. హలో, మీ రేడియో సౌండ్ కాస్త తగ్గించండి.

మొదటి శ్రోత: తగ్గించానండీ. కృష్ణలంక నుంచి. నేను చిన్నప్పటి నుంచి కృష్ణలో ఈదినవాణ్ణి సార్. అండమాన్‌లో కోర్సు చేసి, ఆ తర్వాత డైవ్‌కి దిగాను. ప్రవాహం ఎదురొచ్చింది. మనకి ఈత కొత్తా అని గట్టిగా కాళ్లాడించాను. ఒకటే ఆయాసం. పదిహేను నిమిషాలకి చూసుకుంటే 200 బార్ ఒత్తిడితో నింపిన సిలిండర్‌లో 80 మిగిలింది. ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి పట్టుకుని పైకి తెచ్చారు. పరువు పోయిందనుకోండి.

శిక్షకుడు: పరువుదేముంది, మీరు బాగున్నారు కదా. ఒక్క మాట అడుగుతాను. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు. అవి ఎత్తినప్పుడు దిగువన మీరు ఎదురీదుతారా?

మొదటి శ్రోత: అయ్యో, అసలు నీళ్లలోకే దిగం సార్.

శిక్షకుడు: ఎందుకంటే ఆ హోరు కంటికి కనిపిస్తుంది. సముద్రం లోపల ప్రవాహానికి చప్పుడుండదు. దాన్ని మేం నాట్లలో లెక్కేస్తాం. ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. బీసెంట్ రోడ్డులో బట్టల షాపులు చూసుకుంటూ నడిచినంత వేగం. అంతే! కానీ కాళ్లకి తెడ్డుల్లాంటి ఫిన్స్ ఉన్నా ఆ వేగానికి ఎదురు ఎక్కువసేపు నిలవలేం. వీపున సిలిండర్, ఒంటికి జాకెట్, గొట్టాలు, అన్నింటినీ నీళ్లు వెనక్కి నెడతాయి. ఇక గాలి సంగతి. 20 మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి మూడింతలు. ఒక్కో శ్వాసకి సిలిండర్ నుంచి మూడింతల గాలి పోతుంది. దానికి మీ ఆయాసం కూడా తోడైంది.

మొదటి శ్రోత: అయితే ఏం చేసి ఉండాల్సింది?

శిక్షకుడు: ఆగాలి. అడుగున రాయి ఉంటే పట్టుకోవాలి, బతికున్న పగడాన్ని కాదు. నేలకి దగ్గరగా నీటి వేగం సాధారణంగా తక్కువ, రాపిడి వల్ల. మీ లోతు పరిమితి దాటకుండా అక్కడికి జరగాలి. ఆయాసంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, గాలి చాలట్లేదని భయం పుడుతుంది. అందుకే ముందు నింపాదిగా, పూర్తిగా ఊపిరి వదలాలి. అయినా కుదరకపోతే తోటి డైవర్‌కి సైగ చేసి, ఇద్దరూ ప్రవాహంతో పాటే పోతూ మెల్లగా పైకి రావాలి. నిమిషానికి 9 మీటర్లు మించకుండా, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి. పాతకాలపు పడవవాళ్లు ఏరు ఎలా దాటేవాళ్లు? రేవుకి ఎదురుగా బయల్దేరేవాళ్లు కాదు, ఎగువకి వెళ్లి పడవ వదిలేవాళ్లు. మేమూ అంతే. బయల్దేరిన చోటికే రావాలంటే మొదటి సగం ఎదురు వెళ్లి, రెండో సగం వాలుకి వస్తాం.

వ్యాఖ్యాత: ప్రవాహం ఎప్పుడు తక్కువుంటుందో ముందే తెలుస్తుందా?

శిక్షకుడు: ఆటుపోట్ల వల్ల వచ్చేదైతే తెలుస్తుంది. నవ్వకండి, మీ ఇంట్లో పంచాంగం కూడా కొంత చెబుతుంది. అమావాస్య, పౌర్ణమి తర్వాత ఒకటి రెండు రోజులు ఆటుపోట్లు పెద్దవి, ఈడ్పు ఎక్కువ. అష్టమి దాటాక తక్కువ. ఇక ఏ గంటకి దిగాలన్నది స్థానిక పట్టిక చూసి, అక్కడి డైవ్ గైడ్ చెప్పాలి. గాలివాటానికి పుట్టే ప్రవాహాలకి మాత్రం తిథులు తెలియవు.

వ్యాఖ్యాత: గుంటూరు అరండల్‌పేట నుంచి ఒకమ్మ లైన్లో ఉన్నారు.

రెండో శ్రోత: మావాడు ఎల్లుండి పొద్దున డైవింగ్ చేసి సాయంత్రం ఫ్లైటెక్కుతానంటున్నాడు బాబూ. చిన్నప్పుడు ఆయాసం కూడా ఉండేది. నాకు టెన్షన్‌గా ఉంది.

శిక్షకుడు: టికెట్ మార్పించండమ్మా. ఒక్క డైవ్ చేసినా కనీసం 12 గంటలు, రెండు మూడు చేస్తే 18 గంటలు ఆగాకే విమానం. ఆయాసం మాట మెడికల్ ఫారంలో దాచకుండా రాయమనండి. డైవింగ్ తెలిసిన డాక్టర్ సరేనంటేనే దిగాలి. నా మాట మీద దింపకండి.

వ్యాఖ్యాత: మూడో కాల్, సత్యనారాయణపురం.

మూడో శ్రోత: సార్, కొన్నిచోట్ల నీళ్లు మనిషిని కిందకే లాగేస్తాయట, నిజమేనా?

శిక్షకుడు: నిజమే. నిట్టనిలువు పగడపు గోడల దగ్గర అలా జరుగుతుంది. ఊదిన బుడగలు పైకి పోకుండా కిందకి పోతుంటే అదే గుర్తు. చేతికందే రాయి ఉంటే పట్టుకుని గోడవెంట ఎక్కాలి. లేదంటే గోడ వదిలి అడ్డంగా బయటికి ఈదాలి, ఆ ప్రవాహం ఎక్కువ వెడల్పుండదు. జాకెట్‌లో గాలి నింపాల్సి రావచ్చు. కానీ ప్రవాహం మిమ్మల్ని వదిలిన మరుక్షణం ఆ గాలి తీసేయాలి, లేకపోతే బుడగలా పైకి తన్నుకొస్తారు. ఊపిరి మాత్రం బిగబట్టొద్దు, ఊపిరితిత్తులు చిరుగుతాయి. ఇది సూర్యలంక ఒడ్డున కాళ్ల కింద ఇసుక లాగే ఈడ్పు లాంటిది కాదు. అక్కడ నీళ్లు కిందకి కాదు, సముద్రంలోకి లాగుతాయి. ఒడ్డు వెంబడి పక్కకి ఈది బయటపడాలి.

వ్యాఖ్యాత: కృష్ణలంక శ్రోత ఇంకా లైన్లోనే ఉన్నారట. చెప్పండి, అర నిమిషమే ఉంది.

మొదటి శ్రోత: మళ్లీ వెళ్దామనుకుంటున్నా సార్. ఏం కొనుక్కోమంటారు?

శిక్షకుడు: ఒక ఈల, నారింజ రంగు పొడవాటి గాలి గొట్టం. మేం ఎస్‌ఎంబీ అంటాం. పైకొచ్చేటప్పుడు ఊదితే నీటిపైన నిలబడి దూరానికి కనిపిస్తుంది. ముందు ఒకటి రెండుసార్లు తక్కువ లోతులో వాడి నేర్చుకోండి. దిగేముందు మాత్రం పడవ సరంగుని ఒకటి అడగండి: మేం కొట్టుకుపోతే ఎటువైపు వచ్చి ఎక్కించుకుంటావు అని. అతను తడుముకుంటే ఆ రోజుకి పడవలోనే కూర్చోండి.

మొదటి శ్రోత: డబ్బులు ముందే కట్టించుకుంటారు సార్...

వ్యాఖ్యాత: పోనివ్వండి సార్, డబ్బులే కదా. వార్తలకి వేళయింది, ఉంటాం.