బంపర్ ముందు ఆ గొట్టం సంగతి

అధ్యక్షులకు, కార్యదర్శి గారికి, తమ పాత కార్లను ఎండలో వదిలేసి నా మాటలు వినడానికి లోపల కూర్చున్న మిత్రులకు నమస్కారం. సన్మానాలతోనే చాలా సేపు గడిచింది కాబట్టి మర్యాదలు ఇంతటితో ఆపుతాను. నాకిచ్చిన అంశం ‘క్రోమ్ భాగాల సంరక్షణ’. దాని గురించీ చెబుతాను. ముందు బంపర్ గార్డుల గురించి, అంటే దెబ్బ తగలకుండా బంపర్‌కి బిగించే గొట్టాల గురించి మాట్లాడనివ్వండి. ఈ మాట మనసులో పెట్టుకుని చాలాకాలంగా తిరుగుతున్నాను.

ఇందాక బయట ఒకాయన నా పాత స్పోర్ట్స్ కారు ఎంజీబీ ముందు ఆగి, "ఇంత అందమైన బండికి ఈ గొట్టం దిష్టిచుక్కలా ఉందండీ, తీసేయొచ్చుగా" అన్నారు. ఆయన ఇక్కడే కూర్చున్నారు, పేరు చెప్పను. అయ్యా, ఆ గొట్టం అందం కోసం పెట్టింది కాదు.

ఎంజీబీ, జాగ్వార్ ఈ-టైప్ ఇంగ్లండులో తయారయ్యాయి, పోర్షే 356 జర్మనీలో. కానీ వీటికి పెద్ద బేరం అమెరికాలోనే. అక్కడి సెడాన్ల బంపర్లు బరువైనవి, ఎత్తయినవి. మన బళ్లవేమో సన్నగా, కిందికి ఉండేవి. రోడ్డు వారన రెండు బళ్ల మధ్య పార్క్ చేస్తే, ముందున్న పెద్ద బండి వెనక్కి వచ్చేటప్పుడు దాని బంపర్ మన బంపర్‌ని తాకేది కాదు. దాని పైనుంచి వచ్చి నేరుగా గ్రిల్‌కో, లైటుకో తగిలేది. 1961లో జెనీవా మోటార్ షోలో అందరూ నోళ్లు వెళ్లబెట్టి చూసిన ఈ-టైప్‌నే తీసుకోండి. ముందు భాగమంతా ఒకే పెద్ద బానెట్, ముందుకి తెరుచుకుంటుంది. దానికి కాపలా రెండు సన్నటి క్రోమ్ పట్టీలు! మనిషి నడిచే వేగంలో తగిలినా టింకరింగ్ పని మొదలు.

అందుకే బంపర్ మీద నిలువుగా ఓవర్‌రైడర్లనే దిమ్మలు, వాటిని కలుపుతూ అడ్డంగా ఒక గొట్టం వచ్చాయి. పోర్షే వాళ్లయితే అమెరికాకి పంపే 356 బళ్లకి పొడవాటి ఓవర్‌రైడర్లు, వాటి మధ్య గొట్టం తామే బిగించి పంపారు. 1959లో 356బీ తెచ్చినప్పుడు బంపర్లనే పైకి జరిపారు. అంటే సమస్య ఉందని కంపెనీకే తెలుసు. ఇంగ్లిష్ బళ్ల విషయంలో చాలాసార్లు ఆ పని డీలర్ చేసేవాడు. బండి ఓడ దిగాక, కొన్నవాడు అడిగితే, షోరూమ్‌లోనే బిగించి ఇచ్చేవాడు.

ఈ తేడా గుర్తుపెట్టుకోండి, నా గొడవంతా ఇక్కడే ఉంది.

ఫ్యాక్టరీ రికార్డులో బండి గేటు దాటే నాటికి ఏముందో అదే రాసి ఉంటుంది. డీలర్ బిగించింది అందులో ఉండదు. ఉండాల్సిన అవసరమూ లేదు. పాత కార్ల పోటీల్లో బండి ఎంత ఒరిజినల్‌గా ఉందో చూసి మార్కులు వేసే మన జడ్జీలేమో ఆ కాగితాన్నే వేదంలా పట్టుకుంటారు. నా బండి 1967ది. మొదటి యజమాని దాచుకున్న డీలర్ బిల్లు నా దగ్గరుంది, అందులో ఈ బార్లు, అంటే ఈ గొట్టాలు, విడిగా రాసి ఉన్నాయి. బండి కొన్న కొత్తలో తీసిన ఫోటోలోనూ కనిపిస్తాయి. రెండూ ఫైల్లో పెట్టి పోటీకి వెళ్లాను. జడ్జీ గారు ఫైలు తెరవలేదు. "ఫ్యాక్టరీది కాదు" అని మార్కులు కోసేశారు. పక్కనే ఉన్న పోర్షేకి అలాంటి గొట్టమే ఉంది. దానికి పూర్తి మార్కులు!

ఆగండి, అయిపోలేదు. తర్వాత బండిని రిస్టోరేషన్‌కి, అంటే మళ్లీ కొత్తలా చేయించడానికి, ఇచ్చాను. ఎవరికిచ్చానో అడక్కండి. బార్లకి మళ్లీ క్రోమ్ పూత వేయించమని చెప్పి ఇచ్చాను, కాగితం మీద రాసి మరీ ఇచ్చాను. బండి తళతళలాడుతూ వచ్చింది, బార్లు రాలేదు. అడిగితే, "అవి ఒరిజినల్ కావు కద సార్, పాత ఇనుములో వేసేశాం" అన్నారు. ఎంత తేలిగ్గా అన్నారో! ఆ ఏడు అదే పోటీకి బార్లు లేకుండా వెళ్తే ఆ విభాగంలో పూర్తి మార్కులు వచ్చాయి. నవ్వుతున్నారా? నవ్వండి. అసలు బిల్లు ప్రకారం ఆ రోజు అసంపూర్ణంగా ఉన్న బండికి వచ్చిన మార్కులండీ అవి.

తర్వాత వెతికి వెతికి అదే కాలపు జత ఇంకొకటి సంపాదించి బిగించాను. మార్కులు మళ్లీ పోయాయి. పోనివ్వండి.

చట్టం వచ్చాక కథ మారింది. 1973 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే కారు ముందు నుంచి గంటకి 5 మైళ్ల వేగంతో, వెనక నుంచి రెండున్నర మైళ్ల వేగంతో గుద్దుకున్నా లైట్ల లాంటి ముఖ్య భాగాలు చెడకూడదన్నారు. మరుసటి ఏడాది వెనక్కీ 5 మైళ్లే చేశారు. అప్పుడు ఎంజీబీకి మొదట పెద్ద పెద్ద రబ్బరు ఓవర్‌రైడర్లు, ఆ వెంటనే నల్లటి రబ్బరు బంపర్లు వచ్చాయి. పైగా బండినే ఎత్తాల్సి వచ్చింది. మలుపుల్లో దాని పాత నడక పోయింది. 1974 పోర్షే 911 బంపర్లకి మాత్రం ముడతల రబ్బరు పెట్టి, అది పుట్టుకతోనే ఉందనిపించేలా చేశారు. ఇవన్నీ చూశాక, నాలుగు బోల్టులతో ఊడొచ్చే ఆ సన్నటి గొట్టం ఎంత మర్యాదస్తురాలో మీకే తెలుస్తుంది.

అధ్యక్షులవారు వాచీ చూస్తున్నారు. ఇచ్చిన అంశానికి వస్తున్నాను. గార్డు బిగించేటప్పుడు అది ఎక్కడ ఆనుతోందో చూడండి. బంపర్ రేకుకి మాత్రమే పట్టుకుని ఉంటే, చిన్న తోపుకే రేకు వంగుతుంది. ఛాసిస్ నుంచి, అంటే బండి చట్రం నుంచి వచ్చే బ్రాకెట్‌కి బోల్టు పడాలి. గార్డు, బంపర్ కలిసే చోట రబ్బరు వాషర్ వేయండి, లేకపోతే నీరు నిలిచి అక్కడే తుప్పు మొదలవుతుంది. క్రోమ్ పూత మైక్రాన్‌లో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులో, కొంత భాగమే, అసలు రక్షణ దాని కింది నికెల్‌ది. గొట్టం లోపల ఆ రెండూ ఉండవు, కాబట్టి తుప్పు లోపలి నుంచి తినేస్తుంది. అడుగున నీరు కారే రంధ్రం ఉంటే పూడ్చకండి, లోపలికి మైనం కొట్టించండి. గట్టి రకం బోల్టులకి అందం కోసం క్రోమ్ వేయించకండి. ఆ ప్రక్రియలో ఉక్కులోకి హైడ్రోజన్ చేరుతుంది, సరిగా వేడిచేసి దాన్ని బయటికి పంపకపోతే బోల్టు పెళుసై ఉన్నట్టుండి విరగొచ్చు. సంరక్షణ ఇంతే.

ఇప్పుడు నా విన్నపం. మన సంఘం మార్కుల ఫారంలో ఒక్క వాక్యం చేర్చాలి: ఆ కాలపు డీలర్ బిగించిన సామానుకి బిల్లో ఫోటోనో ఉంటే మార్కులు తగ్గించరాదు. సాక్ష్యం లేకపోతే తగ్గించండి, నేనేమీ అనను. నిన్న కొత్తగా చేయించి పాతదని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు, ఈ హాల్లోనూ ఉండొచ్చు. కానీ జడ్జీ ముందు ఫైలు తెరవాలి. ఈ విన్నపం రాసిన కాగితం రెండో వరసలో తిరుగుతోంది. ఒప్పుకునేవాళ్లు సంతకం పెట్టండి, ఒప్పుకోనివాళ్లు కింద కారణం రాయండి. పెన్ను మాత్రం నాదే, తిరిగి ఇటు పంపండి.