స్వింగ్ మోటార్ దించే ముందు ఈ గేజ్ పెట్టి చూడండి: ఎక్స్‌కవేటర్ బ్రేక్ ప్రాబ్లమ్స్ మీద ప్రెజర్ టెస్ట్ కిట్ రివ్యూ

నమస్తే అండి, అందరికీ నమస్తే. ఈరోజు ఒక హైడ్రాలిక్ ప్రెజర్ టెస్ట్ కిట్ గురించి మాట్లాడుకుందాం. డబ్బా విప్పి ఇదిగో ఇవి వచ్చాయి అని చూపించి వదిలేసే రివ్యూ కాదు ఇది, మూడు వారాలు దీన్ని ఎక్స్‌కవేటర్ బ్రేక్ కంప్లైంట్ల మీదే వాడాను, ఎక్కడ పనికొచ్చింది ఎక్కడ చేతులెత్తేసింది రెండూ చెప్తా. బ్రేకే ఎందుకు అంటే, ఈ బండ్లలో అనవసరంగా విప్పేస్తున్నది ఏదైనా ఉందంటే అది స్వింగ్ మోటారే, అంటే బండి పైభాగాన్ని తిప్పే మోటార్, దాని బ్రేక్ కూడా లోపలే ఉంటుంది. స్వింగ్ సరిగా తిరగట్లేదు అనగానే మోటార్ దించేస్తారు, ప్లేట్లు మార్చేస్తారు, సీల్ కిట్ వేస్తారు, మళ్ళీ బిగించి స్టార్ట్ చేస్తే కథ మొదటికే వస్తుంది. రెండు రోజుల పని పోయింది, బండి నిలబడిపోయింది.

డబ్బాలో ఏమున్నాయో చకచకా చెప్పేస్తా. మూడు గేజ్‌లు, 60 బార్‌ది (బార్ అంటే ప్రెజర్ కొలత) ఒకటి, 250ది ఒకటి, 600ది ఒకటి. మీటరున్నర హోస్‌లు రెండు, టీలు (T ఆకారం జాయింట్లు), కొన్ని అడాప్టర్లు, టెస్ట్ పాయింట్లు (గేజ్ తగిలించే చిన్న ఫిట్టింగులు). గేజ్‌ల లోపల గ్లిజరిన్ ఉంది కాబట్టి పంప్ కొట్టుకుంటున్నా ముల్లు వణకదు, చదవడానికి బాగుంటుంది. ఈ మూడింట్లో మనకి ముఖ్యం ఈ చిన్నది, 60 బార్‌ది. ఎందుకో తెలియాలంటే బ్రేక్ ఎలా పనిచేస్తుందో ఒక్క నిమిషం చూద్దాం.

కారు బ్రేక్ మనం తొక్కితే పడుతుంది కదా, ఇక్కడ అలా కాదు, ఇది ఎప్పుడూ పడే ఉంటుంది. స్వింగ్ మోటార్ లోపల ప్లేట్లు వరసగా ఉంటాయి, వాటిని స్ప్రింగులు నొక్కి పట్టుకుని ఉంటాయి, మనం లివర్ కదిపితే పైలట్ ఆయిల్ (కంట్రోల్ కోసం వాడే తక్కువ ప్రెజర్ ఆయిల్) వచ్చి పిస్టన్‌ని లేపితేనే ప్లేట్లు వదులవుతాయి. ఆ పైలట్ ప్రెజర్ చాలా బండ్లలో 30 నుంచి 40 బార్ మధ్య ఉంటుంది, కేజీల్లో చెప్పుకున్నా దాదాపు అంతే. అంటే బ్రేక్ పట్టేసింది అని మనం అంటున్నది చాలాసార్లు బ్రేక్ తప్పు కాదు, దాన్ని వదిలించాల్సిన ప్రెజర్ రాకపోవడం. ఇది బుర్రలో పడితే సగం పని అయిపోయినట్టే. ఇప్పుడు 35 బార్‌ని 600 గేజ్ మీద చూస్తే ఏం కనిపిస్తుంది, ముల్లు కొంచెం కదిలినట్టు అనిపిస్తుంది అంతే, 20 ఉందో 35 ఉందో చెప్పలేం. అందుకే చిన్న గేజ్ లేని కిట్ బ్రేక్ పనికి దండగ. కానీ ఈ చిన్న గేజ్‌ని పొరపాటున కూడా మెయిన్ లైన్‌కి పెట్టకండి, అక్కడ 350 బార్ దాకా వస్తుంది, గేజ్ పగిలి మొహం మీదకి వస్తుంది.

ఇప్పుడు ఒక బండి సంగతి చెప్తా. 20 టన్నుల చైన్ బండి, కంప్లైంట్ ఏంటంటే స్వింగ్ స్లో, కదిలేటప్పుడు ఒక్క జర్క్ ఇచ్చి కదులుతుంది, అరగంట నడిపితే స్వింగ్ మోటార్ దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి, కాలిన వాసన. మోటార్ మార్చేద్దాం అని అప్పటికే డిసైడ్ అయిపోయి ఉన్నారు. నేను ఒక్క గంట టైమ్ ఇవ్వండి అన్నా.

ముందు బకెట్ నేల మీద పెట్టించా, ఇంజన్ ఆపి, కీ ఆన్‌లో ఉంచి సేఫ్టీ లివర్ లాక్ తీసి, లివర్లు రెండూ అన్ని వైపులా పదిసార్లు కదిపించా, ట్యాంక్ బ్రీదర్ నుంచి గాలి కూడా వదిలేశా. ఈ స్టెప్ మాత్రం ఎవరు తొందరపెట్టినా వదలకండి, లైన్‌లో ప్రెజర్ మిగిలి ఉండగా హోస్ విప్పితే ఆయిల్ చర్మంలోకి దూరిపోతుంది, చూడ్డానికి చిన్న గుచ్చు లాగే ఉంటుంది కానీ వెంటనే హాస్పిటల్‌కి వెళ్లకపోతే చెయ్యే పోవచ్చు. తర్వాత మోటార్ మీద బ్రేక్ రిలీజ్ పోర్ట్‌కి వచ్చే సన్న హోస్ విప్పి మధ్యలో టీ పెట్టి గేజ్ కట్టా. స్టార్ట్ చేశాం, ఆయిల్ 50 డిగ్రీల దాకా వేడెక్కనిచ్చాం, చల్లటి ఆయిల్‌తో తీసిన రీడింగ్‌ని నమ్మలేం. లివర్ ముట్టుకోకపోతే సున్నా, కరెక్టే. స్వింగ్ లివర్ కదిపితే 14 బార్, అంతకు మించి పోవట్లేదు. పైలట్ ఫిల్టర్ దగ్గర చూస్తే 36 ఉంది. అంటే 36 బయల్దేరింది, ఇక్కడికి 14 చేరింది, మిగతాది దారిలో ఎక్కడో పోతోంది. ఆ 14 బార్‌కి పిస్టన్ సగమే లేస్తుంది, ప్లేట్లు రాసుకుంటూనే తిరుగుతాయి, ఆ వేడి ఆ వాసన అక్కడి నుంచి వచ్చినవే.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఎక్కడ పోతోంది? మోటార్ లోపల పిస్టన్ సీల్ లీక్ అయినా ఇలాగే చూపిస్తుంది, పైన సోలెనాయిడ్ వాల్వ్ (కరెంట్‌తో తెరుచుకునే వాల్వ్) సరిగా తెరుచుకోకపోయినా ఇలాగే చూపిస్తుంది. ఈ రెండింటినీ విడదీయడానికి మోటార్ విప్పక్కర్లేదు. మళ్ళీ ప్రెజర్ వదిలేసి, మోటార్‌కి వెళ్లే హోస్ తీసేసి మోటార్ పోర్ట్‌కి ప్లగ్ వేసి, హోస్ చివర గేజ్ ఒక్కటే పెట్టండి, అంటే ఆయిల్ వచ్చి గేజ్ దగ్గర ఆగిపోవాలి, ముందుకు దారి లేదు. ఇప్పుడు 36 వచ్చిందంటే లైన్ బాగుంది, మోటార్ లోపల సీల్ పోయింది, అప్పుడు దించండి, నేనేమీ అనను. కానీ ఇప్పుడు కూడా 14 దగ్గరే ఆగిందంటే మోటార్‌కి దీంతో సంబంధమే లేదు. ఇంకో మాట, ఇలా గేజ్ పెట్టినప్పుడు బ్రేక్ వదలదు, పడే ఉంటుంది, కాబట్టి స్వింగ్ లివర్‌ని గట్టిగా లాగి పట్టుకోకండి, కొంచెం కదిపి రీడింగ్ చూసి వదిలేయండి. చాలా బండ్లలో ఆర్మ్ కదిపినా స్వింగ్ బ్రేక్ రిలీజ్ లైన్‌కి ప్రెజర్ వస్తుంది, మీ బండిలో అలా ఉంటే ఆర్మ్‌తోనే చూసుకోండి, అది ఇంకా మంచిది.

మా బండిలో 14 దగ్గరే ఆగింది. సోలెనాయిడ్‌కి వెళ్లాం. కరెంట్ వస్తోందా లేదా చూడ్డానికి మల్టీమీటర్ పెట్టాం, 24 వోల్ట్‌లు వస్తున్నాయి. కాయిల్ మీద నట్ దగ్గర స్క్రూడ్రైవర్ కొన పెడితే టక్కున అంటుకుంది, అంటే కాయిల్ అయస్కాంతం అవుతోంది, బాగానే ఉంది. ఇక మిగిలింది లోపలి స్పూల్, అంటే ఆయిల్ దారి తెరిచి మూసే కడ్డీ. బయటికి తీస్తే సగం దూరంలో ఇరుక్కుని ఉంది, దాని అంచున తెల్లగా సన్నటి ముక్క, వేలితో తీసి చూస్తే టెఫ్లాన్ టేప్. ఎవరో ఎప్పుడో పైలట్ హోస్ మార్చినప్పుడు లీక్ రాకూడదని మర చుట్టూ టేప్ చుట్టారు, అది తెగి ఆయిల్‌తో పాటు తిరిగి తిరిగి ఇక్కడికొచ్చి కూర్చుంది. గోరులో సగం కూడా లేదండి ఆ ముక్క. హైడ్రాలిక్ ఫిట్టింగులకి దయచేసి ఆ టేప్ చుట్టకండి, లీక్ అయితే ఓరింగ్ మార్చండి. స్పూల్ కడిగి పెట్టాక గేజ్ 35 చూపించింది, స్వింగ్ మెత్తగా కదిలింది. అయితే ప్లేట్లు అన్ని రోజులు రాసుకున్నాయి కదా, అందుకని మోటార్ డ్రెయిన్ ఆయిల్ కొంచెం తీసి తెల్ల టిష్యూ మీద పోసి చూశా, ఆయిల్ పీల్చుకున్నాక నల్లటి పొడి ముద్దగా మిగిలితే ప్లేట్ల లైనింగ్ ఊడుతున్నట్టు, తళుకు తళుకుమంటే ఇనుమో ఇత్తడో అరుగుతున్నట్టు. ఇక్కడ లేత మరక తప్ప ఏం లేదు, మోటార్ విప్పే పని తప్పింది.

రెండో రకం కంప్లైంట్, వాలులో పెడితే స్వింగ్ దానంతటదే జారుతోంది అనేది. ఇంజన్ ఆపేసినా జారుతుంటే అది చాలావరకు ప్లేట్లో స్ప్రింగులో, గేజ్ కూడా అక్కర్లేదు. 15 డిగ్రీల వాలు మీద పైభాగాన్ని అడ్డంగా తిప్పి పెట్టి, స్వింగ్ సర్కిల్ (పైభాగం తిరిగే పెద్ద రింగ్) దగ్గర పైనా కిందా కలిపి సుద్దముక్కతో ఒక గీత గీసి 5 నిమిషాలు ఆగండి, గీత విడిపోయిందేమో చూడండి. ఎంత దాకా ఫర్వాలేదో మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడే జారుతుంటే మాత్రం గేజ్ పెట్టండి, లివర్ వదిలాక చాలా బండ్లలో సుమారు 5 సెకన్లు ఆగి బ్రేక్ పడుతుంది, అప్పటికి గేజ్ సున్నాకి రావాలి. రాకుండా కొంచెం ప్రెజర్ మిగిలి ఉంటే సోలెనాయిడ్ వెనక్కి రావట్లేదు. ఈ పరీక్షలో కిట్ సూపర్ అండి, నిజంగా.

ఇక స్వింగ్ లివర్ వదిలాక బూమ్ ఆగాల్సిన చోట ఆగకుండా ఇంకా ముందుకు పోతోంది అనే కంప్లైంట్ ఉంది చూశారా, దీన్ని కూడా బ్రేక్ పోయింది అంటారు, కాదు. తిరుగుతున్న బండిని ఆపేది ప్లేట్లు కాదు, మోటార్ మీద ఉన్న రెండు రిలీఫ్ వాల్వ్‌లు (ప్రెజర్ ఒక హద్దు దాటితే తెరుచుకునేవి), ప్లేట్లు ఆగిన తర్వాత పట్టుకోవడానికి మాత్రమే. ఒక వైపు ఎక్కువ పోతూ ఇంకో వైపు బాగుంటే ఆ రెండు వాల్వ్‌లని అటూ ఇటూ మార్చి పెట్టండి, ప్రాబ్లమ్ కూడా వైపు మారిందంటే వాల్వే దొంగ. రెండు పానాలతో అయిపోయే పని ఇది, గేజ్ కన్నా ముందు ఇదే చేస్తా నేను.

చైన్ వైపు బ్రేక్‌కి వస్తే ఈ కిట్ అంత పనికిరాదు. ట్రావెల్ మోటార్లలో (చైన్‌ని తిప్పేవి) చాలావాటికి బ్రేక్ వదిలించే ఆయిల్ మోటార్ లోపలే మెయిన్ ప్రెజర్ నుంచి తీసుకుంటుంది, బయట టీ పెట్టడానికి హోసే ఉండదు. ఒక చైన్ లాగట్లేదు అంటే సెంటర్ జాయింట్ (పైభాగం నుంచి కిందికి ఆయిల్ తెచ్చే తిరిగే జాయింట్) కింద హోస్‌లు ఎడమవి కుడికి, కుడివి ఎడమకి మార్చి చూడటమే, ప్రాబ్లమ్ రెండో చైన్‌కి పోతే పైన పంప్, వాల్వ్, జాయింట్ చూడండి, అక్కడే ఉంటే మోటార్. పది నిమిషాలు నడిపి రెండు మోటార్ల వేడి పోల్చినా తెలిసిపోతుంది, బ్రేక్ రాసుకునే వైపు వేడి ఎక్కువ. దిగుడులో బండి జర్కులు జర్కులుగా దిగుతుంటే అది కౌంటర్‌బ్యాలెన్స్ వాల్వ్ (దిగుడులో బండి పరిగెత్తకుండా ఆపే వాల్వ్) పని, అప్పుడు వాలులో నడపడం ఆపేయండి.

టైర్ బండ్ల పెడల్ బ్రేక్ వేరే సబ్జెక్ట్, ఒక్కటి మాత్రం చెప్తా, ఇంజన్ ఆపి పెడల్ వరసగా తొక్కితే రెండు మూడు తొక్కులకే వార్నింగ్ వచ్చేస్తే ముందు అక్యుమ్యులేటర్‌లో (బ్రేక్ ప్రెజర్ నిల్వ ఉంచే సిలిండర్) గ్యాస్ చూడండి, అందులో నైట్రోజన్ మాత్రమే నింపాలి, ఆక్సిజన్ నింపితే పేలుతుంది.

కిట్‌లో నచ్చనివి చెప్తా. హోస్ మీటరున్నర అసలు సరిపోదు. స్వింగ్ మోటార్ దగ్గర నుంచి క్యాబిన్ దాకా గేజ్ రాదు, రాకపోతే ఎవరో ఒకరు పైన నిలబడి చదవాలి, స్వింగ్ తిరిగే బండి మీద మనిషిని నిలబెట్టడం నేను ఒప్పుకోను. నేను ఫోన్‌ని మాగ్నెట్ హోల్డర్‌తో గేజ్ ఎదురుగా పెట్టి వీడియో తీసి తర్వాత చూసుకున్నా. రెండోది, అడాప్టర్లు ఒకే రకం మరవి ఇచ్చారు, నేను పెట్టిన బండ్లలో సగం వాటికి సెట్ కాలేదు. ఒక టెస్ట్ పాయింట్ దగ్గర సన్నగా చెమ్మ కూడా వచ్చింది, అట్టముక్క పెట్టి చూశా, చెయ్యి పెట్టలేదు, ఓరింగ్ మారిస్తే ఆగింది.

తీసుకోవచ్చా అంటే తీసుకోండి, 60 బార్ గేజ్ ఉన్న కిట్ అయితేనే. దాంతోపాటు 4 మీటర్ల హోస్ ఒకటి, మీ బండి మరకి సరిపోయే అడాప్టర్లు నాలుగు విడిగా తెచ్చుకుని అదే డబ్బాలో పెట్టుకోండి, సైట్‌కి వెళ్లాక వెతుక్కోవాల్సిన పని ఉండదు.