కారణాంకం చిక్కని సంయుక్త సంఖ్య

అందరికీ నమస్కారం. ఈరోజు మన సంఖ్యను బోర్డు మీద పూర్తిగా రాయను, 385 అంకెలున్నాయి. 2 యొక్క 1277వ ఘాతం తీసుకుని, అందులోంచి 1 తీసేస్తే వచ్చేది ఇది. 26తో మొదలై 1తో ముగుస్తుంది. కంప్యూటర్లు వాడే ద్విసంఖ్యామానంలో రాస్తే వరసగా 1277 ఒకట్లు, మధ్యలో ఒక్క సున్నా కూడా ఉండదు. ఇలాంటివాటిని మెర్సెన్ సంఖ్యలంటారు.

ఇది ప్రధాన సంఖ్య కాదని రుజువైంది. కానీ 1తోనూ తనతోనూ తప్ప ఇంకే సంఖ్యతో ఇది నిశ్శేషంగా భాగించబడుతుందో ఎవరూ చూపించలేకపోయారు. మరి భాగించే సంఖ్యే దొరకనప్పుడు సంయుక్తమని ఎలా చెప్పారు?

చిన్న ఉదాహరణతో చూద్దాం. 2 యొక్క 11వ ఘాతంలోంచి 1 తీసేస్తే 2047. ఇప్పుడు 4తో మొదలుపెట్టండి. వర్గం చేసి 2 తీసేయాలి, 2047 దాటితే దానితో భాగించి శేషం ఉంచుకోవాలి. 4, 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736. ఘాతం కంటే రెండు తక్కువ, అంటే తొమ్మిది సార్లు చేశాం. చివర సున్నా వస్తే ప్రధానం, రాకపోతే సంయుక్తం. 1736 వచ్చింది కాబట్టి తీర్పు అయిపోయింది. నిజానికి 2047 అంటే 23 × 89. కానీ ఆ 1736ను ఎంత తిప్పి చూసినా 23 గానీ 89 గానీ కనబడవు. నాకు ఈ పరీక్షలో అన్నిటికంటే నచ్చేది ఇదే: తీర్పు చెబుతుంది, సాక్ష్యం మాత్రం దాచేస్తుంది. లూకాస్ మొదలుపెట్టిన ఈ పద్ధతిని తర్వాత లెమర్ ఈ రూపానికి తెచ్చారు. మన సంఖ్యకు ఇదే పని 1275 సార్లు చేయాలి. ఇప్పటి కంప్యూటర్‌కి అది లెక్కలోది కాదు.

ఇలాంటిది ఇదివరకూ జరిగింది. ఘాతం 67 అయినప్పుడు వచ్చే సంఖ్య సంయుక్తమని లూకాస్ 1876లోనే తేల్చారు. కారణాంకాలు 193707721, 761838257287 అని కోల్ చూపించింది 1903లో. మధ్యలో 27 ఏళ్లు!

అలాగని మన 385 అంకెల సంఖ్య గురించి ఏమీ తెలియదనుకోకండి. 4తో భాగిస్తే శేషం 3 వస్తుంది, కాబట్టి ఇది ఏ సంఖ్యకూ వర్గం కాదు, రెండు వర్గాల మొత్తమూ కాదు. ఇంకా గట్టి షరతు ఉంది. 1277 ప్రధాన సంఖ్య కావడం వల్ల, దీని ప్రతి కారణాంకాన్నీ 2554తో భాగిస్తే శేషం 1 రావాలి. 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ రావాలి. 2047లోనూ ఇంతే: 23, 89 రెండిటినీ 22తో భాగించి చూడండి. ఈ షరతులు కోట్లాది సంఖ్యలను ముందే ఏరిపారేస్తాయి. అయినా వెతకాల్సినవి తరగవు, ఎందుకంటే మన సంఖ్య వర్గమూలానికే 193 అంకెలు.

తమాషా ఏంటంటే, 1277కి రెండు కలిపితే 1279. ఆ ఘాతంతో వచ్చే మెర్సెన్ సంఖ్య ప్రధానమని 1952లోనే రాబిన్సన్ కంప్యూటర్‌తో తేల్చారు. పక్కింటి సంఖ్య కథ అప్పుడే ముగిసింది, దీనిది మాత్రం నడుస్తూనే ఉంది.

ఘాతం 1061 అయిన 320 అంకెల సంఖ్యను 2012లో రెండు ప్రధాన సంఖ్యలుగా విడగొట్టారు, ఒకటి 143 అంకెలు, రెండోది 177. దానికే చాలా కంప్యూటర్లు కలిసి పనిచేయాల్సి వచ్చింది. మనది ఇంకా 65 అంకెలు ఎక్కువ. చిన్న కారణాంకం ఉంటే ఇన్నేళ్ల వెతుకులాటలో చిక్కేదే. కాబట్టి ఉన్నవన్నీ బాగా పెద్దవే అయ్యుంటాయని నా అంచనా.

రేపెవరైనా కారణాంకం దొరికిందంటూ వస్తే సరిచూడటానికి మీ ల్యాప్‌టాప్‌కి క్షణం చాలు. అయితే ముందు దాన్ని 2554తో భాగించండి. శేషం 1 రాకపోతే ల్యాప్‌టాప్ తెరవక్కర్లేదు.