ఆకులు రాలిన అడవిలో సీతాకోకచిలుకలు ఎక్కడ ఉంటాయి?

[దృశ్యం: మోడుబారిన చెట్లు, గలగలలాడే ఎండుటాకులు]

కోస్టారికా వాయవ్య మూలన ఉన్న గ్వానకాస్తే అడవి ఇది. ఏడాదిలో దాదాపు ఆరు నెలలు ఇక్కడ వానలు ఉండవు. మరి ఆకు మేసి బతికే గొంగళి పురుగుల మాటేమిటి?

కొన్ని జాతులు పురుగుకూ సీతాకోకచిలుకకూ మధ్య దశ అయిన ప్యూపాగా నెలల తరబడి కదలకుండా ఉండిపోతాయి. కొన్ని రెక్కలొచ్చినా గుడ్లు పెట్టకుండా, తేమ ఉన్నచోట నీడపట్టున కాలం గడుపుతాయి. ఇంకొన్ని కొండలు దాటి తూర్పున ఉన్న తడి అడవికి వలసపోతాయి. తొలి వానలకు చిగుళ్లు వేసేసరికి అవో, వాటి సంతానమో తిరిగొస్తాయి. అందుకే ఎండు అడవి ఒక్కదానికి కంచె వేస్తే చాలదు. పసిఫిక్ తీరం నుంచి కొండ అవతలి వాన అడవి దాకా నేలను కలుపుతూ ఇక్కడ రక్షిత ప్రాంతాన్ని పెంచారు.

[దృశ్యం: లేత ఆకు మీద వాలిన ఆడ సీతాకోకచిలుక, చాలా దగ్గరగా]

దీని ముంగాళ్లు చూడండి. ఆకును టపటపా తడుతోంది. అది కాళ్లతోనే రుచి చూస్తుంది. పిల్లలు తినగల మొక్క అయితేనే గుడ్డు పెడుతుంది, లేదంటే లేచిపోతుంది. పూలమొక్కలు నాటితే సీతాకోకచిలుకలు బతికిపోతాయని చాలామంది అనుకుంటారు. మకరందం తల్లికి సరే, పిల్లకు ఆకు కావాలి. అదీ ఏదో ఒక ఆకు కాదు.

ఈ పట్టింపు ఎంత లోతైనదో చెప్పే కథ నాకు చాలా ఇష్టం. రెక్కల మొదట్లో నీలి మెరుపుండే ఆస్ట్రాప్టెస్ ఫుల్గరేటర్ అనే సీతాకోకచిలుకను 1775 నుంచి ఒకే జాతిగా లెక్కించారు. జీవశాస్త్రవేత్తలు డేనియల్ జాన్జెన్, విన్నీ హాల్వాక్స్‌ల బృందం గ్వానకాస్తేలో ఏళ్ల తరబడి దాని గొంగళి పురుగులను ఏరి, ఏది ఏ మొక్క మీద దొరికిందో రాసుకుంటూ పెంచింది. పెద్దవాటి రెక్కల్లో తేడా దాదాపు లేదు. పురుగుల రంగులు వేరు, తినే ఆకులు వేరు. డీఎన్‌ఏ కూడా చూశాక, ఇవి పది జాతులని 2004లో ప్రకటించారు. పది కాదు, అంతకన్నా తక్కువేనని తర్వాత వాదన వచ్చింది. ఒక్కటి కాదన్నది మాత్రం నిలిచింది. ఒక మొక్క కనుమరుగైతే, మనం పేరైనా పెట్టని జాతి దానితోపాటు పోవచ్చు.

[దృశ్యం: మనిషెత్తు ఎండుగడ్డి, పక్కనే నల్లగా కాలిన నేల]

ఇక్కడి పెద్ద శత్రువు నిప్పు. పశువుల మేతకని తెచ్చిన ఆఫ్రికా గడ్డి, హరాగ్వా, ఎండాకాలంలో మనుషులు పెట్టిన మంటకు భగ్గుమంటుంది. చెట్ల మొలకలు మాడిపోతాయి, గడ్డి మాత్రం వేళ్ల నుంచి మళ్లీ లేస్తుంది. 1980లలో మంటలను అడ్డుకోవడం మొదలుపెట్టారు. గాలి, పక్షులు, జంతువులు మోసుకొచ్చిన విత్తనాలు మొలిచాయి. చెట్ల నీడ పడినచోట గడ్డి చచ్చింది. ఒకప్పుడు పచ్చిక బయలుగా ఉన్న నేలలో ఇప్పుడు ఆకుల అడుగున గొంగళి పురుగులను వెతుకుతున్నారు.