అప్పుతో పాటు అంటగట్టిన బీమా: బ్రిటన్ పీపీఐ కథ

[తెర మీద ఒకే ఒక అంకె: 5,780 పౌండ్లు]

నమస్కారం. ఈ అంకెను మూడు ముక్కలు చేద్దాం.

2006లో బ్రిటన్‌లో సుసాన్ ప్లెవిన్ అనే కాలేజీ అధ్యాపకురాలు, తన ఇంటి తలుపు సందులోంచి లోపల పడిన ఒక కరపత్రం చూసి అప్పుకు దరఖాస్తు చేశారు. పదేళ్లలో తీర్చేలా 34,000 పౌండ్లు ఇచ్చారు. దానితో పాటు ఐదేళ్ల బీమా కూడా ఇచ్చి, దాని ప్రీమియం 5,780 పౌండ్లను అసలులోనే కలిపేశారు.

[అంకె మూడుగా చీలుతుంది: 1,870 / 2,280 / 1,630]

మొదటి ముక్క అప్పు కుదిర్చిన మధ్యవర్తికి వెళ్లింది. రెండోది అప్పిచ్చిన సంస్థే ఉంచుకుంది. మిగిలిన 1,630 పౌండ్లు మాత్రమే బీమా కంపెనీకి చేరాయి. అంటే ప్రతి వంద పౌండ్లలో దాదాపు డెబ్బై రెండు కమిషనే. కమిషన్ అనేది ఒకటి ఉంటుందని కాగితాల్లో ఉంది కానీ, అది ఎంతో, ఎవరికి పోతుందో ఆమెకు చెప్పలేదు. పైగా ఆమె భర్త అప్పటికే చనిపోయారు, ఆమె మీద ఆధారపడిన వారు లేరు, జీవిత బీమా ఉంది, జబ్బు చేసినా ఉద్యోగం పోయినా యాజమాన్యం ఆదుకునే ఏర్పాటూ ఉంది. ఇంతకీ ఆ బీమా ఎవరి కోసం?

ఈ బీమా పేరు పేమెంట్ ప్రొటెక్షన్ ఇన్సూరెన్స్, పొట్టిగా పీపీఐ. ప్రమాదం జరిగినా, జబ్బు పడినా, ఉద్యోగం పోయినా మీ బదులు వాయిదాలు కడతామంటుంది. సాధారణంగా అదీ ఒక ఏడాది పాటే. ఆలోచన చెడ్డదేమీ కాదు. చెడ్డది అమ్మిన తీరు. బ్రిటన్‌లో ఇలాంటి పాలసీలు ఆరు కోట్లకు పైగా అమ్ముడయ్యాయి, అత్యధికం 1990 నుంచి 2010 మధ్యలో. వ్యక్తిగత రుణాలకు, ఇంటి రుణాలకు, క్రెడిట్ కార్డులకు, కారు అప్పులకు, చివరికి దుకాణం కార్డులకు కూడా తగిలించారు.

మన సంతలో కొసరు ఊరికే వస్తుంది. ఇక్కడ కొసరుకు ధర ఉంది, ఆ ధరకు వడ్డీ కూడా ఉంది.

[తెర మీద లెక్క, ఒక్కో వరుస నెమ్మదిగా]

ఒక ఊహా లెక్క వేసి చూపిస్తాను. మీరు పది వేల పౌండ్లు అడిగారు. ప్రీమియం రెండు వేలు ఒకేసారి కలిపి అప్పును పన్నెండు వేలు చేశారు. వడ్డీ ఏడాదికి పది శాతం, గడువు ఐదేళ్లు. ఆ రెండు వేల మీదే నెలకు సుమారు 42 పౌండ్లు పడుతుంది. ఐదేళ్లలో అది దాదాపు 2,550 అవుతుంది. మధ్యలో అప్పు ముందే తీర్చేస్తే ప్రీమియంలో వెనక్కి వచ్చేది చాలా తక్కువ. పాత అప్పు మూసి కొత్త అప్పు ఇచ్చినప్పుడు మళ్లీ కొత్త పాలసీ. కొందరి ఖాతాల్లో ఇది గొలుసులా నాలుగైదు అప్పుల దాకా సాగింది. ఫిర్యాదు చేసినప్పుడు చాలామంది చివరి అప్పు ఒక్కటే చూపించి, ముందున్న వాటిని మరిచిపోయారు.

తప్పుగా అమ్మడం అంటే కచ్చితంగా ఏమిటి? బీమా తీసుకుంటేనే అప్పు వస్తుందని చెప్పడం. దరఖాస్తులో ముందే టిక్కు పెట్టి సంతకం చేయించడం. మాట మాత్రం చెప్పకుండా చేర్చడం. అసలు ఆ పాలసీ కింద ఎన్నడూ పైసా రాని వారికి అమ్మడం. నా దృష్టిలో అన్నిటికన్నా ఘోరమైనది ఈ చివరిదే. సొంత వ్యాపారం చేసుకునేవారు ఉద్యోగం పోయిందని ఎవరికి చూపిస్తారు? పింఛను తీసుకునే మనిషికి ఉద్యోగ రక్షణ ఎందుకు? ముందు నుంచి ఉన్న జబ్బులను చాలా పాలసీలు మినహాయించాయి. నడుం నొప్పికి, మానసిక ఒత్తిడికి షరతులు పెట్టినవీ ఉన్నాయి.

ఇక్కడ మనవాళ్ల మాట ఒకటి. ఆ రోజుల్లో హైదరాబాదు నుంచి వెళ్లి బ్రిటన్‌లో కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ పని చేసినవారు ఎందరో ఉన్నారు. గడువు ముగిసి కాంట్రాక్టు ఆగిపోతే, దాన్ని ఉద్యోగం పోయినట్టు చాలా పాలసీలు ఒప్పుకోలేదు. అమ్మేటప్పుడు మాత్రం మీది శాశ్వత ఉద్యోగమా అని అడగాలన్న ఆలోచన రాలేదు.

[తెర మీద: 2005 / 2011 / 2014]

2005లో సిటిజన్స్ అడ్వైస్ అనే సలహా సంస్థ అధికారికంగా ఫిర్యాదు చేశాక విషయం గట్టిగా బయటపడింది. బ్యాంకుల మీద కన్నేసే ప్రభుత్వ నియంత్రణ సంస్థ 2010లో పాత అమ్మకాలకు కూడా వర్తించే ఫిర్యాదు నియమాలు తెచ్చింది. బ్యాంకుల సంఘం కోర్టుకెక్కి, 2011 ఏప్రిల్‌లో ఓడిపోయింది. తీర్పు వచ్చిన రెండు వారాలకే లాయిడ్స్ బ్యాంకు పోరాటం మానుకుని 320 కోట్ల పౌండ్లు పక్కన పెట్టింది. అప్పట్లో అది మతిపోయే అంకె. చివరికి ఆ ఒక్క బ్యాంకు ఖర్చే 2,100 కోట్లు దాటింది. 2011 జనవరి నుంచి 2019 చివరి దాకా అన్ని సంస్థలూ కలిసి తిరిగి ఇచ్చింది 3,830 కోట్ల పౌండ్లు.

మొదట్లో చూసిన సుసాన్ ప్లెవిన్ కేసు తీర్పు 2014 నవంబరులో వచ్చింది. అంత భారీ కమిషన్‌ను దాచి పెట్టడం వల్లనే ఆ అప్పు సంబంధం అన్యాయమైందని సుప్రీంకోర్టు అంది. అప్పటి దాకా "మీకు సరిగ్గానే చెప్పి అమ్మాం" అని తప్పించుకున్న సంస్థలకు ఇది చిక్కు తెచ్చింది. పాలసీ తగినదే అయినా, కమిషన్ ప్రీమియంలో సగం దాటితే ఆ పైభాగం తిరిగి ఇవ్వాలన్న నియమం తర్వాత వచ్చింది.

డబ్బు రాబట్టుకోవడం ఎంత తేలికో చాలామందికి తెలియలేదు. ముందు బ్యాంకుకు రాయాల్సి ఉండేది. పాత కాగితాలు లేకపోయినా, అప్పటి పేరు, చిరునామా ఇస్తే వెతకమని అడిగే వీలుండేది. ఎనిమిది వారాల్లో తుది జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఇలాంటి తగాదాలు తేల్చే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లే వీలుండేది. వినియోగదారుడికి రూపాయి ఖర్చు ఉండేది కాదు, అదే, పెన్నీ ఖర్చు ఉండేది కాదు. ఇదే పనికి, జనం తరఫున ఫిర్యాదు రాసిపెట్టే క్లెయిమ్ కంపెనీలు వచ్చిన సొమ్ములో పాతిక, ముప్పై శాతం, పైన పన్ను తీసుకున్నాయి. 2018లో గానీ దానికి ఇరవై శాతం హద్దు పడలేదు. ఒక ఫారం నింపి తపాలాలో వేసినందుకు ఇంత కూలీ!

[మళ్లీ మన లెక్క]

మనం వేసిన అప్పు 2003 మొదట్లో తీసుకుని 2007 చివర తీర్చారనుకోండి. 2013 మొదట్లో పరిహారం వస్తే: కట్టిన 2,550, దాని మీద కట్టిన ప్రతి వాయిదా తేదీ నుంచి ఏడాదికి 8 శాతం సాధారణ వడ్డీ, అది సుమారు 1,530. మొత్తం 4,080. పన్ను ఆ వడ్డీ భాగం మీదే, 20 శాతం, ముందే కోసుకునేవారు. ఆదాయం తక్కువ ఉన్నవారు ఆ పన్నును వెనక్కి అడిగే వీలుండేది, కానీ ఆ సంగతి తెలిసినవారు తక్కువే.

ఫిర్యాదుల గడువు గురించి జనానికి చెప్పడానికి నియంత్రణ సంస్థ 2017లో హాలీవుడ్ నటుడు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ తల బొమ్మను ప్రకటనల్లో తిప్పింది. అప్పు మాట తలవడానికే సిగ్గుపడే జనాన్ని కదిలించడానికి ఒక తలకాయ కావలసి వచ్చింది.

ఆ గడువు 2019 ఆగస్టు 29తో ముగిసింది. ఇప్పుడు బ్యాంకుకు మామూలుగా రాసే దారి దాదాపు మూసుకుపోయింది. మిగిలింది కోర్టు. 2023 నవంబరులో సుప్రీంకోర్టు పాటర్ అనే మహిళ కేసులో, 95 శాతానికి పైగా కమిషన్ దాచినప్పుడు కాలదోషం వాదనతో అప్పిచ్చినవారు తప్పించుకోలేరని చెప్పింది. ఆమె అప్పు 2006 నాటిది. దారి ఉంది, కానీ వకీలు ఖర్చు, ఓడితే ఎదుటివారి ఖర్చు లెక్క వేసుకోకుండా దిగే దారి కాదు. గెలిస్తేనే ఫీజు అనే ఒప్పందాల్లో కూడా ఓడినప్పటి ఖర్చు ఎవరిదో ఏ వాక్యంలో రాశారో వెతికి చదవండి.

ఇంకొకటి. మీ పాత పీపీఐ సొమ్ము సిద్ధంగా ఉంది, విడుదలకు ముందుగా కొంత రుసుము కట్టండి అని బ్రిటన్‌లోని మీ బంధువులకు ఎవరైనా ఫోను చేస్తే, అవతలి గొంతు ఎంత మర్యాదగా ఉన్నా పెట్టేయమనండి.