పడుకునే ముందు పాలు తాగితే మంట తగ్గుతుందా?

యాంకర్: హలో, చెప్పండమ్మా. ఎక్కడి నుంచి?

కాలర్: తెనాలి నుంచండి. నమస్తే డాక్టర్ గారూ. మా ఆయనకు కడుపులో మంట. రోజూ పడుకునే ముందు స్టీలు గ్లాసు నిండా చల్లటి పాలు తాగుతారు. అప్పటికి హాయిగానే ఉంటుందండి. రాత్రి రెండింటికి మాత్రం ఛాతీ పట్టుకుని లేచి కూర్చుంటారు. మళ్లీ పాలే ఇస్తాను.

డాక్టర్: అక్కడే ఉందమ్మా చిక్కు. పాలల్లోని ప్రోటీన్ ముందు యాసిడ్‌ను పీల్చుకుంటుంది, అందుకే ఆ హాయి. తర్వాత పొట్టలోనే ఆ ప్రోటీన్ విరిగి చిన్న ముక్కలు, అమైనో ఆమ్లాలు అవుతాయి. వాటిలో ఫెనైలాలనిన్, ట్రిప్టోఫాన్ అనేవి జీర్ణాశయం కింది భాగంలో ఉండే జి-కణాలను తట్టి లేపుతాయి. పాలల్లోని కాల్షియం కూడా వాటినే కదిలిస్తుంది. అవి గ్యాస్ట్రిన్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతాయి. దాని సంగతి 1905లోనే ఎడ్కిన్స్ అనే శాస్త్రవేత్త చెప్పారు. గ్యాస్ట్రిన్ అందగానే పొట్టలో హిస్టమిన్ అనే రసాయనం విడుదలవుతుంది, యాసిడ్ గ్రంథులు పనిలోకి దిగుతాయి. ఆ హిస్టమిన్ తయారయ్యేది కూడా హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం నుంచే.

కాలర్: అయితే పప్పు, గుడ్డు మానేయాలాండీ?

డాక్టర్: అస్సలు వద్దమ్మా! ప్రోటీన్ అరగాలంటే యాసిడ్ ఊరాల్సిందే, ఒంటికి ప్రోటీన్ కావాల్సిందే. నిండు పొట్టతో పడుకోవడమే తప్పు, యాసిడ్ పైకి ఎగదన్నుతుంది. అన్నమైనా పాలైనా పడకకు మూడు గంటల ముందే ముగించాలి. మందేమైనా వాడుతున్నారా?

కాలర్: యాసిడ్ తగ్గించే మాత్ర, పాంటోప్రజోల్ అండి. టిఫిన్ తిన్నాక వేసుకుంటారు.

డాక్టర్: తినడానికి అరగంట ముందు వేసుకోమనండి. తిండి పడగానే పొట్టలో యాసిడ్ వదిలే పంపులు నడుస్తాయి, వాటిని ఆపాలంటే ఆ సరికి మందు రక్తంలో ఉండాలి. నొప్పి మాత్రలేమైనా?

కాలర్: మోకాళ్లకు... మెడికల్ షాపులో తెచ్చుకుని రోజూ వేసుకుంటారండి.

డాక్టర్: అయ్యో, అది ముందే చెప్పాలి కదమ్మా! వాటితో పొట్టలో పుండు పడొచ్చు. విరేచనం తారులా నల్లగా అవుతోందా? రక్తం కక్కుకున్నారా? బరువు తగ్గారా?

కాలర్: ఇక్కడే ఉన్నారండి, అడుగుతాను... అవేవీ లేవంటున్నారు.

డాక్టర్: ఉంటే ఇప్పుడే ఆస్పత్రికి వెళ్లమనేవాడిని. సొంతంగా తెచ్చుకున్న ఆ నొప్పి మాత్రలు ఆపించి, ఈ వారంలోనే డాక్టర్‌కు చూపించండి. ఆ మాత్రల షీటు కూడా తీసుకెళ్లండమ్మా.